ట్రాక్టర్ ట్రక్కుకు తగిన హిచ్ ఎంపిక: మారే బరువులు, మన విస్తరణ బాధ్యత

తిరువూరు ప్రాంతంలో ఒక ట్రాక్టర్ ట్రక్కు ఏడాది పొడవునా మోసే సరుకుల జాబితా రాస్తే, అది ఆ ప్రాంతపు వ్యవసాయ పంచాంగంలా కనిపిస్తుంది. తొలకరికి ముందు పశువుల ఎరువు, చెరువు మట్టి. వానాకాలం చివర సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు, ఆ తరువాత ఎండుగడ్డి. శీతకాలంలో విడి పత్తి, ఎండ ముదిరేసరికి మిరప బస్తాలు, మొక్కజొన్న. ఏప్రిల్ నుండి జూన్ వరకు మామిడి క్రేట్లు. పంట పనులు లేని రోజుల్లో ఇసుక, ఇటుక, కంకర. వీటన్నిటికీ ట్రక్కు ఒకటే, దానిని ట్రాక్టరుకు తగిలించే హుక్కు ఒకటే, ఆ హుక్కు ఎత్తు కూడా ఒకటే. బరువు మాత్రం రోజుకొక తీరుగా మారుతుంది. ఈ మార్పును లెక్కలోకి తీసుకోకుండా హిచ్‌ను ఎంచుకోవడం మన గ్రామాలలో అలవాటుగా స్థిరపడింది. ఈ అలవాటును మార్చే బాధ్యత వర్క్‌షాపు మేస్త్రీ కంటే, ట్రాక్టర్ యజమాని కంటే ముందుగా మనపైన, అంటే విస్తరణ రంగంలో పనిచేసేవారిపైన ఉన్నదని నా అభిప్రాయం.

తిరువూరును ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన ఈ పట్టణం చుట్టూ ఉన్న తిరువూరు, ఎ.కొండూరు, గంపలగూడెం, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాలు డెల్టా వలె చదునైనవి కావు. ఇవి ఎగుడుదిగుడు మెట్ట భూములు. తోట నుండి డొంక మీదికి, డొంక నుండి కాలువ గట్టు మీదికి, గట్టు నుండి తారు రోడ్డు మీదికి రావడానికి చిన్నవే అయినా నిటారైన ఎక్కుళ్లు, దిగుళ్లు ఉంటాయి. కట్లేరు వంటి వాగులను దాటవలసి వస్తుంది. డెల్టాలో బయటపడకుండా గడిచిపోయే లోపం ఇక్కడి ఎక్కుడులో ముందు చక్రం తేలినప్పుడు బయటపడుతుంది.

బండి నేర్పిన పాఠం

ట్రక్కు సమతౌల్యం అనే మాట కొత్తది కావచ్చు గాని, ఆ జ్ఞానం మనకు కొత్త కాదు. ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకూ ముందు మొగ్గు, వెనుక మొగ్గు అంటే ఏమిటో తెలుసు. ఇరుసుకు ముందు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడల మీద కూర్చుంటుంది. పశువు అడుగు తీయలేదు, మెడ పుండు పడుతుంది. ఇరుసుకు వెనుక బరువు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, కాడి మెడను విడిచిపోతుంది, మెడ కింది తాడు బిగిసి ఎద్దు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అందుకే బండి నింపిన తరువాత రైతు ఎడ్లను కట్టే ముందు నొగను చేత్తో ఎత్తి చూసేవాడు. చేతికి కొంచెం బరువు తగలాలి, మరీ ఎక్కువ తగలరాదు. తగలకపోతే నాలుగు బస్తాలు ముందుకు జరిపేవాడు, ఎక్కువ తగిలితే వెనుకకు జరిపేవాడు.

ట్రాక్టర్ వచ్చిన తరువాత ఆ చేయి నొగ మీద నుండి తొలగిపోయింది. ఎద్దు మెడ చెప్పే మాటను ట్రాక్టర్ చెప్పదు. ఇనుప డ్రాబార్ ఎంత బరువునైనా మౌనంగా మోస్తుంది. డ్రైవరుకు ఆ సంగతి తెలిసేసరికి స్టీరింగ్ తిప్పినా బండి తిరగని స్థితి వచ్చి ఉంటుంది. నొగను ఎత్తి చూసే ఆ అలవాటును యంత్రయుగానికి తగిన రూపంలో తిరిగి తీసుకురావడమే హిచ్ ఎంపికలో అసలు విషయం.

డ్రాబార్ మీద బరువు ఏమి చేస్తుంది

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది ఒకే ఇరుసు, రెండు చక్రాల ట్రక్కు. ఇందులో సరుకు బరువులో ఎక్కువ భాగాన్ని ట్రక్కు చక్రాలు మోస్తాయి. మిగిలిన భాగాన్ని హిచ్ ద్వారా ట్రాక్టర్ మోస్తుంది. హిచ్ బిందువు ట్రాక్టర్ వెనుక ఇరుసుకు వెనుకగా ఉంటుంది కనుక, అక్కడ పడే బరువు తరాజులో ఒక పళ్లెంలా పనిచేస్తుంది. వెనుక ఇరుసు ఆనుడు బిందువై, వెనుక పడిన బరువు ముందు ఇరుసును పైకి లేపుతుంది. ముందు ఇరుసు కోల్పోయే బరువు రెండు కొలతలను బట్టి ఉంటుంది: వెనుక ఇరుసు నుండి హిచ్ వరకు ఉన్న దూరం, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం. మొదటిదాన్ని రెండవదానితో భాగించి, డ్రాబార్ బరువుతో గుణిస్తే ముందు ఇరుసు ఎంత తేలికపడిందో తెలుస్తుంది.

దీనికి లాగుడు బలం తోడవుతుంది. ట్రక్కును లాగేటప్పుడు హిచ్ భూమికి ఎంత ఎత్తులో ఉంటే ముందు ఇరుసు అంత ఎక్కువగా తేలికపడుతుంది. హిచ్‌ను వెనుక ఇరుసు ఎత్తుకు మించి పైన తగిలిస్తే ట్రాక్టర్ వెనుకకు తిరగబడే ప్రమాదం ఉన్నదని యంత్ర పరికరాల పాఠ్యాంశాలన్నీ చెప్పేది అందుకే. స్టీరింగ్ నమ్మకంగా పనిచేయాలంటే ట్రాక్టర్ సొంత బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద నిలిచి ఉండాలన్నది ఇంజనీర్లు సాధారణంగా పాటించే హద్దు.

ఒక లెక్క

మాటల కంటే అంకెలు స్పష్టంగా చెబుతాయి. ఊహించిన ఒక ట్రాక్టరును తీసుకుందాం. బరువు 2,000 కిలోలు. అందులో ముందు ఇరుసు మీద 800, వెనుక ఇరుసు మీద 1,200. ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. హిచ్ వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్ల వెనుక, భూమికి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. దానికి తగిలించిన ట్రక్కు తొట్టి 3 మీటర్ల పొడవు. హిచ్ నుండి తొట్టి ముందు అంచు వరకు 1.2 మీటర్లు, ట్రక్కు ఇరుసు వరకు 3.1 మీటర్లు. అంటే ఇరుసు తొట్టి నడిమధ్యకు 40 సెంటీమీటర్లు వెనుకగా ఉంది. ఖాళీ ట్రక్కు బరువు 1,500 కిలోలు. అది కూడా తొట్టి నడిమధ్యనే ఉన్నదనుకుంటే, అందులో సుమారు 190 కిలోలు హిచ్ మీద పడతాయి.

మొదటి సందర్భం: తొట్టి నిండా సమంగా పరచిన 5,000 కిలోల ఇసుక. ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది కనుక తొట్టి గోడల ఎత్తు దాటకుండానే ఇంత బరువు వచ్చేస్తుంది. హిచ్ మీద పడే మొత్తం సుమారు 840 కిలోలు. ముందు ఇరుసు 250 కిలోలు తేలికపడి 550 దగ్గర నిలుస్తుంది. చదును రోడ్డు మీద భయం లేదు. ఇప్పుడు అదే బండి పది అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కే మట్టి బాట మీదికి వచ్చిందనుకుందాం. లాగుడు బలం, వాలులో ట్రాక్టర్ సొంత బరువు వెనుకకు ఒరగడం కలిసి ముందు ఇరుసు మీద మిగిలేది 250 కిలోల దరిదాపు. ఇది ట్రాక్టర్ బరువులో ఎనిమిదో వంతు. మనం చెప్పుకున్న 400 కిలోల హద్దుకు చాలా తక్కువ.

రెండవ సందర్భం: 75 కిలోల వడ్ల బస్తాలు 32, అంటే 2,400 కిలోలు. ఇసుక బరువులో ఇది సగం కూడా కాదు. వీటిని తొట్టి అంతటా సమంగా పేరిస్తే హిచ్ మీద సుమారు 500 కిలోలు పడతాయి. అవే బస్తాలను తొట్టి ముందు సగంలో మాత్రమే పేరిస్తే హిచ్ మీద పడేది 1,080 కిలోలు దాటుతుంది. సగం సరుకుతోనే నిండు ఇసుక ట్రక్కు కంటే ఎక్కువ! అదే ఎక్కుడులో ముందు ఇరుసు మీద మిగిలేది నిండు ఇసుకతో మిగిలినంతే. అవే బస్తాలను వెనుక సగంలో పేరిస్తే లెక్క తిరగబడుతుంది: హిచ్ మీద బరువు పోయి, ట్రక్కే ట్రాక్టర్ వెనుక భాగాన్ని సుమారు 80 కిలోల బలంతో పైకి ఎత్తుతుంది. వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది. దిగుడులో బ్రేకు వేస్తే ట్రక్కు వెనుక నుండి నెట్టి, ట్రాక్టరును అడ్డం తిప్పే అవకాశం ఏర్పడుతుంది.

ఈ లెక్కలో గ్రహించవలసినది ఒక్కటే. ఒకే ట్రక్కు, ఒకే 2,400 కిలోల సరుకు. పేర్చిన చోటును బట్టి హిచ్ మీది బరువు 80 కిలోల ఎత్తివేత నుండి 1,080 కిలోల ఒత్తిడి వరకు మారింది. మనం రైతుకు చెప్పేది 'ఎంత బరువు వేయవచ్చు' అన్న ఒక్క మాటే. అసలు చెప్పవలసినది 'ఎక్కడ వేయాలి' అన్న రెండవ మాట.

మామిడి కోతల కాలంలో ఈ రెండవ మాట మరీ ముఖ్యం. ట్రక్కు ఒకే తోటలో నిండదు. మొదటి తోటలో క్రేట్లను తొట్టి ముందు గోడకు చేర్చి పేర్చడం, రెండవ తోటకు, మూడవ తోటకు పోతూ వెనుకకు నింపుకుంటూ రావడం సహజం. అంటే తోటల మధ్య ఉన్న మట్టి దారులలో ట్రక్కు ప్రయాణమంతా ముందు సగం బరువుతోనే సాగుతుంది. దించేటప్పుడు వెనుక నుండి దించుతారు కనుక అప్పుడు కూడా చివరిదాకా మిగిలేది ముందు బరువే.

బరువు పంచే హిచ్: ఎక్కడ తగును

మారే బరువుల సమస్యకు అమెరికాలో ప్రచారంలో ఉన్న పరిష్కారం 'బరువు పంచే హిచ్'. పికప్ వాహనాల వెనుక ఇంటి వంటి విహార ట్రైలర్లను లాగేవారు దీన్ని విరివిగా వాడతారు. హిచ్ కింద నుండి ట్రైలర్ చట్రం వరకు రెండు స్ప్రింగు కడ్డీలు సాగుతాయి. వాటిని గొలుసులతో గాని, బిగింపులతో గాని పైకి లాగి కట్టినప్పుడు అవి మీటల వలె పనిచేసి, వాహనం వెనుక ఇరుసు మీద పడిన బరువులో కొంత భాగాన్ని ముందు ఇరుసుకు, కొంత భాగాన్ని ట్రైలర్ ఇరుసుకు పంచుతాయి. అక్కడ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుండి 15 శాతం హిచ్ మీద ఉండాలన్నది ప్రామాణికమైన సూచన.

మారే బరువులకు దీన్ని ఎంచుకునే పద్ధతిలో మనం నేర్చుకోదగిన క్రమశిక్షణ ఉంది. కడ్డీల శక్తిని ట్రైలర్ మొత్తం బరువును చూసి మాత్రమే నిర్ణయించరు. నిండుగా ఉన్నప్పుడు, సగంగా ఉన్నప్పుడు హిచ్ మీద పడే బరువును కొలిచి, ఆ పరిధికి సరిపడే కడ్డీలను ఎంచుకుంటారు. చాలా బలమైన కడ్డీలను తేలిక బరువుకు వాడితే బండి కుదుపులు ఎక్కువై, వెనుక చక్రాలు అతిగా తేలికపడి జారతాయి. బలహీనమైన కడ్డీలను నిండు బరువుకు వాడితే ప్రయోజనం ఉండదు. బరువు మారిన ప్రతిసారీ బిగింపును మార్చుకోవాలి. ముందు ఇరుసు కోల్పోయిన బరువును తిరిగి ఇవ్వాలే గాని, ట్రైలర్ తగిలించక ముందు ఉన్నదానికి మించి పెంచరాదు.

అయితే ఈ పరికరాన్ని ఉన్నదున్నట్లుగా మన ట్రాక్టర్ ట్రక్కుకు తగిలించాలని నేను సూచించను. మన ఉదాహరణలో ముందు ఇరుసుకు పోయిన 250 కిలోలను తిరిగి చేర్చాలంటే సుమారు 420 కిలోగ్రామ్-మీటర్ల తిప్పుడు బలం ట్రక్కు ముందు చట్రం గుండా ప్రవహించాలి. ఊరి వర్క్‌షాపులో లాగుడుకు మాత్రమే సరిపోయేలా వెల్డింగ్ చేసిన చట్రం దానికి తట్టుకోదు. పైగా గట్లు ఎక్కి దిగేటప్పుడు ట్రాక్టర్ ఒక కోణంలో, ట్రక్కు ఇంకొక కోణంలో ఉండాలి. హిచ్ పిన్ను దగ్గర ఉన్న ఆ స్వేచ్ఛే రెండింటినీ కాపాడుతుంది. స్ప్రింగు కడ్డీలు ఆ స్వేచ్ఛను హరిస్తాయి. తారు రోడ్డు కోసం పుట్టిన పరికరం అది. డొంక కోసం పుట్టినది కాదు. మనం తీసుకోవలసినది ఆ పరికరాన్ని కాదు, దాని వెనుక ఉన్న నియమాన్ని: బరువు ఎంత మారుతుందో ముందు కొలవాలి, ఆ తరువాతే హిచ్‌ను ఎంచుకోవాలి.

మన పరిస్థితులకు తగిన ఎంపిక

మొదటిది, హిచ్ ఉండే చోటు. ఇతర కొలతలు మారకుండా హిచ్‌ను వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్ల నుండి 40 సెంటీమీటర్లకు దగ్గర చేస్తే, డ్రాబార్ బరువు వలన ముందు ఇరుసు కోల్పోయేది మూడో వంతు తగ్గుతుంది. మలుపులో ట్రక్కు చట్రం వెనుక టైరును తాకకుండా ఎంత దగ్గరకు తేగలమో అదే దీనికి హద్దు. ఎత్తు విషయంలో నేల తగలనంత తక్కువ ఎత్తే మేలు. రెండు మూడు ఎత్తులలో రంధ్రాలున్న హిచ్ పలక ఉంటే, పొలం పనికి ఒక ఎత్తు, రోడ్డు రవాణాకు ఒక ఎత్తు ఎంచుకోవచ్చు. మూడు బిందువుల లింకేజీకి, ముఖ్యంగా పై లింకు దగ్గర, ట్రక్కును తగిలించడం ఏ పరిస్థితిలోనూ తగదు.

రెండవది, ముందు బరువులు. ముందు ఇరుసుకు 60 సెంటీమీటర్ల ముందుగా వేలాడదీసిన 100 కిలోలు ఇరుసు మీద 130 కిలోలుగా పనిచేస్తాయి. అయితే ఇవి తీసి పెట్టుకోగలిగినవై ఉండాలి. దమ్ము చేసేటప్పుడు, తేలిక పనులలో అవి ఉంటే నేల గట్టిపడుతుంది, ఇంధనం వృథా అవుతుంది. రవాణా రోజున తగిలించి, మిగిలిన రోజుల్లో తీసివేయడం సరైన పద్ధతి.

మూడవది, తొట్టి మీద గీత. అన్నిటికంటే చౌకైనది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది ఇదే. ట్రక్కు ఇరుసుకు సరిగ్గా పైన, తొట్టి రెండు పక్కల గోడల మీద ఎర్ర రంగుతో ఒక నిలువు గీత గీయాలి. దానికి ముందు అరమీటరు దూరంలో ఇంకొక గీత. నింపడం ఈ రెండు గీతల మధ్య మొదలుపెట్టి, ముందుకూ వెనుకకూ సమంగా విస్తరించాలి. దించేటప్పుడు కూడా ముందు నుండి కొంత, వెనుక నుండి కొంత తీయాలి. చదువు రాని కూలీకైనా ఒక్క రోజులో అలవాటయ్యే నియమం ఇది.

నాల్గవది, ట్రక్కు రకం. ఎక్కువ రోజులు దూర రవాణాకు, ఎక్కువగా మారే బరువులకు వాడేవారు ముందు ఇరుసు టర్న్‌టేబుల్ మీద తిరిగే నాలుగు చక్రాల ట్రక్కును పరిశీలించవచ్చు. అందులో లాగుడు చట్రం కీలు మీద ఆడుతుంది కనుక సరుకు బరువు హిచ్ మీద పడదు. పేర్చిన చోటు మారినా ట్రాక్టర్ ముందు ఇరుసు దాదాపు చెక్కుచెదరదు. అయితే వెనుక చక్రాలకు అదనపు బరువు దొరకదు కనుక బురదలో, ఎక్కుడులో పట్టు తగ్గుతుంది. వెనుకకు నడపడం కష్టం. సొంత బ్రేకులు లేకపోతే దిగుడులో ట్రాక్టరును నెట్టుతుంది. తోటల మధ్య తిరిగే రైతుకు రెండు చక్రాలదే అనుకూలం. మార్కెట్లకు తిరిగేవారికి నాలుగు చక్రాలది మేలు.

ఐదవది, పిన్ను, గొలుసు, జాకీ. హిచ్ పిన్నుకు అడుగున తాళం సీల తప్పనిసరి. దాని బదులు తీగ ముక్క చుట్టడం ప్రమాదకరం. వెనుక బరువు ఎక్కువైనప్పుడు హిచ్ పైకి లేస్తుంది కనుక సీల లేని పిన్ను అప్పుడే ఊడిపోతుంది. హైడ్రాలిక్ తొట్టిని ఎత్తి దించేటప్పుడు కూడా సరుకు వెనుకకు జారుతూ ట్రాక్టర్ వెనుక భాగాన్ని లేపగలదు. అందువల్ల చదునైన నేల మీద, వెనుక తలుపు ముందుగానే తెరిచి, నెమ్మదిగా ఎత్తాలి. పిన్ను విఫలమైనా ట్రక్కు విడిపోకుండా ఒక రక్షణ గొలుసు ఉండాలి.

కొన్ని అభ్యంతరాలు

'ముప్పై ఏళ్లుగా ఇలాగే తోలుతున్నాము, ఏమీ కాలేదు' అన్నది మొదటి అభ్యంతరం. అనుభవం గౌరవించదగినదే. కానీ ఆ ముప్పై ఏళ్లలో ట్రాక్టర్ శక్తి పెరిగింది, తొట్టి పెద్దదైంది, తొట్టి గోడల మీద అదనపు పలకలు లేచాయి, మట్టి బాట తారు రోడ్డుగా మారి వేగం హెచ్చింది. పాత అనుభవం పాత బరువులకు, పాత వేగానికి చెందినది.

రెండవ అభ్యంతరం సాంకేతికమైనది: 'డ్రాబార్ మీద బరువు పడితేనే కదా వెనుక చక్రాలకు పట్టు వచ్చేది?' ఇది నిజం. రెండు చక్రాల ట్రక్కు మన బురద దారులలో నెగ్గుకు వచ్చింది ఈ గుణం వల్లనే. అందుకే హిచ్ మీద బరువు ఉండకూడదని నేను అనడం లేదు. దానికి కింది హద్దు, పై హద్దు రెండూ ఉన్నాయని, ఆ రెండూ డ్రైవరుకు తెలియాలని అంటున్నాను. నొగను ఎత్తి చూసిన రైతు కోరుకున్నదీ ఇదే.

మూడవది, 'ఇది రోడ్డు రవాణా విషయం, వ్యవసాయ శాస్త్రవేత్తకు దీనితో పనేమిటి?' అన్నది. పంట పొలం నుండి మార్కెట్‌కు చేరే దారిలో ట్రక్కు కూడా వ్యవసాయ పరికరమే. అదీ కాక ఆ ట్రక్కులో ప్రయాణించేది సరుకు మాత్రమే కాదు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో మిరప కోతకు కూలీలను తీసుకువెళ్తున్న ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిదిమంది మరణించారు. 2020 జూన్‌లో జగ్గయ్యపేట మండలం వేదాద్రి దగ్గర భక్తులు ప్రయాణిస్తున్న ట్రాక్టరును లారీ ఢీకొని పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు ప్రమాదాలకు హిచ్ కారణమని చెప్పడం నా ఉద్దేశం కాదు; వాటి కారణాలు వేరు. మనుషులను ట్రక్కులో ఎక్కించరాదన్న నియమానికి ఈ వ్యాసంలోని ఏ సూచనా ప్రత్యామ్నాయం కాదు. అయితే ఆ నియమం ఇంకా ఊళ్లలో పూర్తిగా అమలుకాని కాలంలో, అదుపు తప్పే ప్రతి ట్రక్కు వెనుక మనుషులు ఉండవచ్చునన్న ఎరుక మనకు ఉండాలి.

మనం చేయదగినది

విస్తరణ శాస్త్రవేత్తలకు నా మొదటి సూచన కాటా దగ్గర ప్రదర్శన. దీనికి ప్రత్యేక పరికరం అక్కరలేదు. ముందుగా ట్రాక్టరును ఒక్కదాన్నే కాటా మీద తూచాలి. తరువాత నిండు ట్రక్కును తగిలించి, ట్రక్కు చక్రాలు కాటా బయట అదే మట్టంలో ఉన్న నేల మీద ఉండేలా నిలిపి, ట్రాక్టరును మాత్రం మళ్లీ తూచాలి. రెండింటి తేడాయే హిచ్ మీద పడుతున్న బరువు. ముందు చక్రాలను మాత్రమే కాటా మీద నిలిపి రెండుసార్లూ తూస్తే ముందు ఇరుసు ఎంత తేలికపడిందో కూడా తెలుస్తుంది. పదిమంది ట్రాక్టర్ యజమానులను పిలిచి, అవే బస్తాలను ముందు పేర్చి ఒకసారి, ఇరుసు మీద పేర్చి ఒకసారి తూచి చూపితే, కాటా చీటీలోని అంకె మన ఉపన్యాసాల కంటే బలంగా మాట్లాడుతుంది.

రెండవ సూచన విద్యార్థులకు. చివరి సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కోసం ఊళ్లో గడిపే నెలల్లో, ఆ ఊరి ట్రక్కుల కొలతలు తీసుకోండి: తొట్టి పొడవు, ఇరుసు ఉన్న చోటు, హిచ్ ఎత్తు, వెనుక ఇరుసు నుండి హిచ్ దూరం, పిన్ను మందం, సీల ఉన్నదా లేదా. ఒక టేపు, ఒక నోటు పుస్తకం చాలు. పది ఊళ్ల నుండి ఇటువంటి కొలతలు వస్తే, బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట్ల వాటి ఆధారంగా మన ప్రాంతానికి తగిన హిచ్ నమూనాను రూపొందించడం సాధ్యమవుతుంది. కొలతలు లేకుండా చేసే నమూనా ఇంకొక దిగుమతి వస్తువుగానే మిగులుతుంది.

మూడవది వర్క్‌షాపు మేస్త్రీల శిక్షణ. ట్రక్కు ఇరుసును ఎక్కడ పెట్టాలో, హిచ్‌ను ఎంత ఎత్తున వెల్డింగ్ చేయాలో నిర్ణయించేది నిజానికి వారే. మన శిక్షణ తరగతులకు రైతులను పిలుస్తాము, డీలర్లను పిలుస్తాము, మేస్త్రీలను పిలవము. తిరువూరు వంటి పట్టణంలో ఒక్క రోజు కూర్చుంటే ఆ డివిజన్ ట్రక్కులలో ఎక్కువ వాటిని తయారుచేసే చేతులతో మాట్లాడవచ్చు. రైతు సేవా కేంద్రాలలోనూ, యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలలోనూ ఉన్న ట్రక్కులకు ముందుగా ఆ ఎర్ర గీతలు గీయిస్తే అవే ఊరికి పాఠాలవుతాయి.

మన సిఫార్సులలో విత్తనానికి మోతాదు ఉంది, ఎరువుకు మోతాదు ఉంది, మందు పిచికారీకి మోతాదు ఉంది. హిచ్ మీది బరువుకు కూడా మోతాదు ఉన్నదని, దాన్ని కొలవవచ్చునని, సరుకు పేర్చే చోటును మార్చి సరిచేయవచ్చునని మనం చెప్పవలసి ఉంది. వచ్చే మామిడి కోతలకు ముందు తిరువూరు డివిజన్‌లో ఒక్క కాటా దగ్గర, ఒక్క ఉదయం ఈ ప్రదర్శన జరిగినా, అది ఖర్చులేని మంచి ప్రారంభం అవుతుంది.